చీమ వదిలిన ఖాళీలు

"లోపల గడియ పెట్టుకోకమ్మా. నీకేమైనా అయితే ఆ తలుపు పగలగొట్టే బలం నాకు లేదు."

తల్లి ఈ మాట తలుపుకేసి చెప్పింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు వచ్చింది గాని గడియ తీసిన చప్పుడు రాలేదు. కాసేపు నిలబడి చూసి, వచ్చి కుట్టుమిషను ముందు కూర్చుంది. ఆ మిషను సరిగ్గా కూతురి గది తలుపుకి ఎదురుగా ఉంటుంది. కిటికీ దగ్గరికి జరుపుకుంటే వెలుతురు బాగుంటుందని ఎవరెన్నిసార్లు చెప్పినా జరపలేదు. కిటికీ దగ్గరైతే వీధి కనిపిస్తుంది, ఇక్కడైతే తలుపు కనిపిస్తుంది. వీధిలో ఏమైనా జరిగితే ఎవరో ఒకరు చూస్తారు.

బట్టల కొట్టు నుంచి తెచ్చిన పాంట్లు పక్కన కుర్చీ మీద పేరుకుని ఉన్నాయి. కొన్నవాళ్ళ పొడుగుని బట్టి వాటి కాళ్ళు మడిచి కుట్టాలి, కొన్నిటికి జిప్పులు మార్చాలి. పైన ఉన్నది తీసి, సుద్దగీత దగ్గర అంచు మడిచి, గోటితో నొక్కుకుంటూ గుండుసూదులు గుచ్చసాగింది. సూదులు పెదాల మధ్య పట్టుకునే అలవాటు ఆమె ఎప్పుడో మానుకుంది. తుమ్మొస్తే ఒకటి లోపలికి పోతుందని భయం.

గదిలో కూతురి గొంతు మొదలైంది.

కూతురు పొద్దునపూట కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళ మీది చిరునామాలు సరిచూస్తుంది. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, కంప్యూటర్లో ఏదో పేకాట గురించి మాట్లాడుతుంది. అది పందెం ఆట కాదని, బొమ్మల కార్డులు దాచుకుని ఆడే ఆటని ఎన్నిసార్లు చెప్పినా తల్లి మనసులో అది పేకాటే. ఏడాదిలో అప్పుడప్పుడూ ఆ ఆటలోకి కొత్త కార్డులు దిగుతాయి. ఆ వారం ఇంట్లో సందడిగా ఉంటుంది. కూతురు ఒక మాట అంటుంది, ఆగుతుంది, అవతల ఎవరో ఏదో అంటారు కాబోలు, పకపకా నవ్వి పోట్లాటకి దిగుతుంది. అవతలి గొంతు హెడ్‌ఫోన్‌లోనే ఉండిపోతుంది కాబట్టి తల్లికి ఎప్పుడూ సగం పోట్లాటే అందేది. మిగతా సగం తనే అల్లుకునేది.

ఇప్పుడు కూడా కొత్త కార్డుల వారమే. దానికోసం ఆఫీసుకి సెలవు కూడా పెట్టింది పిల్ల. మాట్లాడుతోంది, మధ్యమధ్య ఆగుతోంది, మళ్ళీ మాట్లాడుతోంది. నవ్వొక్కటే లేదు.

తల్లి మిషను తొక్కబోయిన కాలు ఆపి చెవి ఒగ్గింది.

"ఇది బతికున్నంతకాలం దండగ," అంటోంది కూతురు. "ఒకరికి అడ్డం లేదు, ఒకరికి ఉపయోగం లేదు. చచ్చాకే పనికొస్తుంది."

తర్వాత చాలాసేపు చప్పుడు లేదు. మళ్ళీ ఆ గొంతే, ఇంకొంచెం మెల్లగా అంది: "కాబట్టి తొందరగా చచ్చిపోయేలా చూసుకోవాలి. అంతే."

పాంటు ఒళ్ళోంచి నేలమీదికి జారింది. ఆమె దాన్ని తియ్యలేదు. లేచి, బట్ట కోసే పెద్ద కత్తెర గుడ్డలో చుట్టి అలమర పైకి ఎక్కించింది. స్నానాలగదిలో నేల కడిగే మందు సీసా తెచ్చి తన మంచం కిందికి తోసింది. తను రోజూ వేసుకునే రక్తపోటు మాత్రల అట్ట చేతిసంచిలో దాచి, ఆ సంచి భుజానికి తగిలించుకునే మళ్ళీ మిషను ముందు కూర్చుంది. అంచు కుట్టడం అయ్యాక దారం తెంపడానికి కత్తెర కోసం చెయ్యి చాపి, లేదని గుర్తొచ్చి, పంటితో కొరికింది.

భోజనాల దగ్గర కూతురు కంచంలో కెలుకుతూ కూర్చుంది. తల్లి తన కంచం పెట్టుకోలేదు.

"ఒంట్లో బాగానే ఉందా నీకు?"

"బాగానే ఉంది."

"మనసులో?"

కూతురు తలెత్తింది. "ఇంట్లో సంచి తగిలించుకున్నావేంటి, ఎక్కడికన్నా వెళ్తున్నావా?"

"నేనెక్కడికీ వెళ్ళను. ఇందాక ఎవరు చచ్చిపోవాలంటున్నావు?"

"ఎవరు చచ్చిపోవాలి?" కూతురు కంచంలో కెలకడం ఆపింది. "ఓ, దీపం పురుగా."

"అదెవరు?"

"కార్డమ్మా. కార్డు పేరు దీపం పురుగు. దాన్ని దింపితే ఏమీ చెయ్యదు. అవతలివాడు దాన్ని చంపితే మాత్రం మనకి రెండు కొత్త కార్డులొస్తాయి. అందుకని చచ్చాకే పనికొస్తుందన్నాను."

తల్లి ఊపిరి వదిలి, సంచి భుజం మీంచి తీసి కుర్చీకి తగిలించింది. "పొద్దస్తమానం తలుపేసుకుని చెప్పేది ముక్కల గురించా?"

"ముక్కలు కాదు, కార్డులు. ఇంకా ఆటలోకి రాలేదవి. ఏది ఏం చేస్తుందో కంపెనీవాళ్ళు ముందుగా చూపిస్తారు. చదివి, ఏది మంచిదో ఏది చెత్తో మేం మార్కులేస్తాం. అయిదుకి."

"ఆడి చూడకుండా ఎలా తెలుస్తుందే?"

"ఊహించడమే. నేను చెడు చెప్తాను, నత్త మంచి చెప్తాడు. ఈ కార్డు దింపితే ఏమేం తగలడొచ్చో అన్నీ నేను ఏకరువు పెడతాను. అన్నీ కలిసొస్తే ఎంత గొప్పగా ఉంటుందో అతను చెప్తాడు. పోట్లాడుకుని మధ్యలో ఎక్కడో రాజీ పడతాం. అదే మార్కు."

"నత్తేంటి, పేరా అది?"

"ఆటలో పేరు. నాది చీమ."

"ఎందుకే అలాంటి పేరు," అంది తల్లి. "చూసుకోకుండా ఎవరైనా తొక్కేస్తారు."

కూతురి మొహంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి, నిలవకుండానే పోయింది. ఆ నత్త ఎక్కడుంటాడు, పెళ్ళయిందా, ఎలాంటివాడు అని తల్లి వరసగా అడిగింది. చూడలేదని, తెలీదని, అడగలేదని కూతురు చెప్పింది. తర్వాత కంచం తీసుకుని లేచింది. తిన్నదానికంటే వదిలిందే ఎక్కువ.

"మరి ఈసారి నవ్వడం లేదేం?" అని తల్లి అడిగింది. ఆ మాట కుళాయి చప్పుడులో కలిసిపోయింది. లేక కలిసిపోయిందని ఆమె సరిపెట్టుకుంది.

*

రెండ్రోజుల తర్వాత కుట్టిన పాంట్లన్నీ సంచిలో సర్దుకుని తల్లి కొట్టుకి బయల్దేరింది. బస్సులో డ్రైవరు వెనక సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. గుద్దుకుంటే ముందు దెబ్బ తగిలేది అక్కడే. మధ్యలో కమ్మీ పట్టుకుని నిలబడింది.

కొట్టు వెనక గదిలో కటింగ్ మాస్టరు భోజనం చేస్తున్నాడు. బట్ట కోసే బల్లమీద కాగితం పరిచి డబ్బా పెట్టుకున్నాడు. దారపు కండెకి ఆనించిన ఫోనులో ఏదో మోగుతోంది.

"జిప్పులు ఒకసారి లాగి చూసుకో," అంది తల్లి సంచి దింపుతూ. "తర్వాత ఎవరి పాంటన్నా నడిరోడ్డు మీద ఊడితే నన్నంటావు."

"నువ్వు వేసిన జిప్పు ఊడదక్కా. అవసరానికి తీసుకోవడమే కష్టం," అన్నాడు మాస్టరు నోట్లో ముద్దతోనే. "ఒక్క నిమిషం కూర్చో. రేపు కొత్త సెట్టు దిగుతోంది. ఏ కార్డులు దాచుకోవాలో చూస్తున్నా."

తల్లి కూర్చోలేదు. "నువ్వు కూడా ఆడతావా ఆ పేకాట?"

"మా ఆవిడా అదే మాటంటుంది. పేకాటయితే ఎప్పుడో ఒకసారన్నా గెలిచేవాణ్ణిగా." ఫోను ఆమెవైపు తిప్పాడు. "ఇదుగో, ఇతని పేరు నత్త. ఇప్పుడు పెద్దవాడైపోయాడులే. కంపెనీవాళ్ళే పిలిచి వాళ్ళ ఛానెల్లో కూర్చోబెట్టారు."

గొంతు సన్నగా, హుషారుగా ఉంది. తల్లి ఇన్నేళ్ళూ తలుపుకి ఇవతల కూర్చుని ఆ గొంతుని బొంగురుగా ఊహించుకుంది. తన పిల్లని అంతగా నవ్వించిన గొంతు ఇదన్నమాట. పక్కన ఎవరో అమ్మాయి ఉంది. అతను ఏమన్నా బాగుందండీ, భలే ఉందండీ అంటోంది.

"ఇదివరకు ఇంత సప్పగా ఉండేది కాదక్కా," అన్నాడు మాస్టరు. "ఇతను ఒక కార్డుని ఆకాశానికెత్తుతుంటే, చీమ అని ఒకావిడ కాళ్ళు పట్టుకుని కిందికి లాగేది. ఎక్కడిదాకా లాగ్గలిగితే అక్కడ దాని విలువ. నేను చీమ మాటే వినేవాణ్ణి. అనుమానం మనిషి. ఎటునుంచి ఏ ముప్పొస్తుందో వాసన పట్టేస్తుంది."

తల్లి బల్ల అంచు పట్టుకుంది. ఇది నా కూతురు అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంతలో ఫోనులో సన్నని గొంతు అంది: "దీపం పురుగు. ఇది బతికున్నంతకాలం దండగ. ఒకరికి అడ్డం లేదు, ఒకరికి ఉపయోగం లేదు. చచ్చాకే పనికొస్తుంది."

పక్కనున్న అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. "భలే చెప్పారండీ."

మాస్టరూ నవ్వాడు. తల్లికి ఆ మాటలు అక్షరం పొల్లు పోకుండా తెలుసు. ఆ మాటలకే తను కత్తెర దాచింది. అంటే ఇతను విన్నాడు. పిల్ల చెప్పినదంతా కూర్చుని విన్నాడు. విని తనది చేసుకున్నాడు.

"మరి ఆ చీమ ఏది?" అంది.

"అదే తెలీడం లేదక్కా. కింద కామెంట్లలో అందరూ అదే అడుగుతున్నారు." మాస్టరు ఎంగిలి వేలు తుడుచుకుని తెర పైకి జరిపాడు. "ఇదుగో, ఎవడో రాశాడు. చీమ పోయిందట అని."

తల్లి పాంట్ల సంచి అక్కడే వదిలేసింది. కొత్త పాంట్లు తీసుకెళ్ళవా అని మాస్టరు వెనకనుంచి పిలుస్తున్నా ఆగలేదు. పోయిందంటే వెళ్ళిపోయిందని కూడా అర్థం ఉందన్నది ఆమెకి తట్టలేదు. పొద్దున పిల్ల పళ్ళు తోముకుంటూ కనిపించింది. నిజమే. కాని ఊరికే ఎవరూ అలా రాయరు. పిల్లే ఏదో రాసి పెట్టి ఉంటుంది, చూసినవాళ్ళు అలా అనుకుని ఉంటారు. బస్సు కోసం నిలబడలేక నడిచింది. ఇంటికి ఫోను చేద్దామని తీసి, ఎత్తకపోతే ఎలా అని చేతిసంచిలో పెట్టేసింది. ఎవరూ ఎత్తని ఫోను చేతిలో పట్టుకుని ఆ రోడ్డంతా నడవడం తనవల్ల కాదు.

మెట్లెక్కేసరికి చెమట కళ్ళలోకి కారుతోంది. కొంగుతో తుడుచుకుని తాళం తీసింది.

లోపల కూతురి గొంతు వినిపించింది. మాట్లాడుతోంది.

తల్లి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. లోపల మాట ఆగింది. ఎవరో జవాబు చెప్పేంతసేపు ఆగి, మళ్ళీ సాగింది. మళ్ళీ ఆగింది.

అప్పుడు ఆమె కళ్ళు తెరిచింది. ఆ నత్త వేరే అమ్మాయి పక్కన కూర్చుని నవ్వుతున్నాడు. మరి ఇది ఇలా ఆగి ఆగి ఎవరితో మాట్లాడుతోంది?

*

గది తలుపు ఓరగా ఉంది. తల్లి తోసుకుని వెళ్ళింది. కూతురు వెనక్కి తిరిగి హెడ్‌ఫోన్ మెడమీదికి దించుకుంది.

"ఏంటమ్మా, పరిగెత్తుకొచ్చావా?"

తల్లి కళ్ళు కంప్యూటర్ తెరమీద ఉన్నాయి. తెర మీద ఒకదాని కింద ఒకటి రెండు పట్టీలున్నాయి. పైపట్టీలో గీత ఎగుడుదిగుడుగా, అక్కడక్కడ గుబురుగా ఉంది. కిందపట్టీలో ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకటే తిన్నని గీత. ఆసుపత్రిలో మంచం పక్కన పెట్టే పెట్టెలో అలాంటి గీత ఆమె ఒకసారి చూసింది.

"ఆ కింద గీత ఎందుకలా ఉంది?"

"అది నత్త గొంతుకి. పైది నాది."

"అతనికేం కాలేదుగా. ఇప్పుడే చూశాను. బాగానే ఉన్నాడు."

"చాలా బాగున్నాడు," అంది కూతురు. వెంటనే, "నువ్వెక్కడ చూశావు?" అంది.

తల్లి మంచం అంచున కూర్చుని చెప్పింది. మాస్టరు గురించి, ఫోను గురించి, దీపం పురుగు గురించి. చీమ మాటే వింటానని మాస్టరన్నది కూడా చెప్పింది. పోయిందట అన్నది మాత్రం చెప్పలేకపోయింది.

"నా మాటలు నాకు తెలీవా అమ్మా. నేనూ విన్నాను," అంది కూతురు. మైకు తీగ వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. "అతనికి డ్యూటీ ఉన్న రోజుల్లో ఇద్దరికీ కలిసి కుదిరేది కాదు. నా మాటలు నేను చెప్పి, అతనికి ఖాళీలు వదిలి పంపేదాన్ని. అతను తన గొంతు వాటిల్లో నింపి పంపేవాడు. ఈసారీ అలాగే అనుకున్నా. మొదటి రోజువి పంపాను. తెరిచాడు, విన్నాడు. జవాబు లేదు. పని ఎక్కువుందేమో అనుకున్నా. ఆ వీడియో వచ్చాక తెలిసింది."

"ఫోను చేసి నేనడగనా?"

"ఏమని అడుగుతావు?"

మా పిల్ల మాటలు మా పిల్లకిచ్చెయ్యి అనాలి కాబోలు.

"వెళ్తే వెళ్ళాడు. చెప్పి వెళ్ళచ్చుగా," అంది కూతురు. "అది సరే. రేపు కార్డులు అందరి చేతిలోకీ వచ్చేస్తాయి. వచ్చాక ఏది మంచిదో చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఈ సాయంత్రం లోపల మా మార్కుల వీడియో పెట్టాలి. పెట్టకపోతే ఇంక చీమ లేనట్టే."

"పెట్టు మరి. నీ ఒక్కదాని మాటే పెట్టు. అతనెందుకు?"

"కుదరడం లేదమ్మా. అంతా చెడే అయిపోతోంది. ఒట్టి చెడు చెప్తే అది మార్కవదు, శాపనార్థమవుతుంది. పోనీ మంచి కూడా నేనే చెప్దామంటే నోరు తిరగడం లేదు. ఇన్నేళ్ళూ ఆ పని చెయ్యలేదుగా." తెరమీద ఆ తిన్నని గీత వైపు చూసింది. "ఆపకుండా మాట్లాడితే నా గొంతు నాకే పిచ్చిదానిలా వినిపిస్తోంది. ఖాళీ వదిలితేనే మనిషిలా ఉంటోంది. అందుకని వదులుతున్నా. ఎవరూ నింపరని తెలిసే."

తల్లికి ఏదో అనాలని ఉంది. తిండి తిను అనాలని, కళ్ళు పాడవుతాయి అనాలని, రేపు జ్వరం వస్తుంది అనాలని నోటికొచ్చినవన్నీ వచ్చాయి. ఏదీ అనలేదు.

"నేనిక్కడ కూర్చుంటే నీకు అడ్డమా?"

"చప్పుడు చెయ్యకపోతే కాదు."

కూతురు హెడ్‌ఫోన్ పెట్టుకోలేదు. మెడమీదే ఉంచుకుని తెర వైపు తిరిగింది. ఒక కార్డు బొమ్మ పెద్దగా వచ్చింది. రేవులో పడవ ఒకటి, లావుపాటి మోకుతో కట్టేసి ఉంది. ఆకాశమంతా మబ్బు. పడవలో ఎవరూ లేరు.

"కట్టేసిన పడవ," అని కూతురు మైకులోకి చదివింది. గొంతు కాస్త మారింది. కొరియర్ ఆఫీసు పిల్ల గొంతు కాదది. "దింపిన వంతులో ఇది ఏమీ చెయ్యదు. మన తర్వాతి వంతు దాకా బతికుంటే మోకు తెగి, మనం పోగొట్టుకున్న కార్డుల్లో మూడిటిని వెనక్కి తెస్తుంది. వినడానికి బాగుంది. కాని ఒక వంతంతా ఊరికే నిలబడి ఉండాలి. మన బలమంతా దీనిమీద పెట్టేశాం, చేతిలో ఇంకేం మిగల్లేదు. అవతలివాడు ఊరుకుంటాడా. చూస్తాడు, కొడతాడు. పడవా పోయింది, వంతూ పోయింది. ఒకటి."

ఆగింది.

పైగీత కూడా పల్చబడి తిన్నగా అయిపోయింది. రెండు గీతలూ ఒకదాని కింద ఒకటి జరిగిపోతున్నాయి. కూతురు కదలకుండా, ఎవరో చెప్పేది వింటున్నట్టే తల కొంచెం వంచి కూర్చుంది. తల్లి ఆ వంచిన మెడ వైపు చూసింది.

"కొట్టకపోవచ్చు," అంది తల్లి.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. పైగీత చిన్నగా వణికింది. కూతురు తిరగలేదు.

"ఏమో," అంది మళ్ళీ. ఆమెకి ఆ దారి అలవాటు లేదు. చీకట్లో మెట్టు కోసం కాలితో తడుముకున్నట్టు ఒక్కో మాటే వెతుక్కుంది. "అవతలివాడి చేతిలో ఆ పూట కొట్టే ముక్క లేకపోవచ్చు. ఉన్నా, ఇంకా పెద్దది ఏదో వస్తుందని దాచుకోవచ్చు. లేకపోతే దీన్ని చూసి... ఖాళీ పడవే కదా, ఏం చేస్తుందిలే అనుకోవచ్చు. అందరూ ప్రతిసారీ కొట్టరు కదమ్మా. ఒక్కోసారి ఏమీ అవదు. నిజంగానే ఏమీ అవదు. పొద్దున్నే లేచి చూస్తే ఎక్కడున్నది అక్కడే ఉంటుంది." ఇంకేం చెప్పాలో తోచక, "నాలుగు," అంది.

ఈ ఖాళీ ఇందాకటి ఖాళీలకంటే పెద్దది. కూతురి వీపు మాత్రమే కనిపిస్తోంది. చెయ్యి బల్లమీద మౌసు పక్కన అలాగే ఉంది. చెప్పినదంతా చెరిపేస్తుంది కాబోలు. చప్పుడు చెయ్యొద్దంటే చేశాను, పిల్లకున్న ఒక్క పనీ పాడుచేశాను, మళ్ళీ తలుపేసుకుంటుంది, ఈసారి మాట కూడా వినిపించదు. ఇవన్నీ తల్లి అనుకుంది. కిందపట్టీలో గీత తిన్నగా పోతూనే ఉంది. తను మంచం మీంచి లేవాలో, లేస్తే మంచం కిర్రుమంటుందో తెలియక ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది.

కూతురి భుజాలు కొద్దిగా కదిలాయి. మైకుని బల్లమీద ఈ పక్కకి, ఇద్దరికీ మధ్యకి జరిపింది.

"సరే," అంది. "కొట్టలేదనుకుందాం. అప్పుడు?"